గట్టెక్కు ఆట అమ్మిన ఇంటి చిట్టా

సర్దుబాటుకి ఎనభై ఎనిమిది రోజులు

చదువరి గారికి నమస్కారం. మూడో వరస, పదిహేనో తెప్ప నుంచి తలుపులమ్మ రాస్తున్న ఇంటి చిట్టా.

నీళ్ళ మీద ఉన్న ప్రతి ఇల్లూ రోజూ చిట్టా రాయాలని, జరిగింది జరిగినట్టు రాయాలని నియమం. రాసినదంతా మీరు చదువుతారని, మీరు మనిషి కాదని, ఆఫీసు మేడ మీద ఉన్న యంత్రమని నాకు తెలుసు. అయినా గారు అనకుండా ఎలా రాయను? రేపు మీకు కోపం వస్తే? మీకు కోపం రాదని ఆఫీసు వాళ్ళు చెప్పారు. ఆఫీసు వాళ్ళు చెప్పినవన్నీ జరిగాయా ఏమిటి? నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకోండి.

ఈ రోజు గాలి పడమర నుంచి, కొద్దిగా. మంచినీళ్ళు రెండు బిందెలు. తెప్ప అడుగున ఉన్న పీపాలు పన్నెండూ కర్రతో తట్టి చూశాను. ఏడోది కొంచెం తేడాగా మోగినట్టు అనిపించి మళ్ళీ తట్టాను. ఇంకోసారి తట్టాను. పక్క తెప్ప నుంచి బంగారుపాప అరిచింది.

"ఏటొదినా అలగ కొడతన్నావు? లోపలోళ్ళు ఊర్లో లేరులే, రేపు రా!"

డెబ్భై ఏళ్ళు దాటినా ఆవిడ పేరు బంగారుపాపే. నోరు కూడా అప్పటిదే.

అసలు దిగులు పీపా గురించి కాదు, గుమ్మానికి వేలాడే దండ గురించి. మన ఇంట్లో చేసిన వస్తువు ఎవరైనా పట్టుకెళితే వాళ్ళ ఇంటి పూస ఒకటి మన దండకి గుచ్చి వెళతారు. ఏటా తూర్పుగాలికి ముందు తెప్పలని విడదీసి మళ్ళీ అమర్చే రోజు సర్దుబాటు. ఈ ఏటి నుంచి కొత్త నియమం, ఆ రోజుకి ముప్పై పూసలు ఉంటే ఉన్న వరసలోనే ఉంటాం. లేకపోతే తెప్పని ఊడదీసి ఏడో వరసకి తోసేస్తారు. అది బయటి అంచు. నా దండకి ఒక్క పూస కూడా లేదు. బంగారుపాప చేసే ఎండురొయ్యల పచ్చడికి రెండు వందల పూసలు. ఆవిడ దండ గాలికి ఊగితే గజ్జెలు కట్టుకున్నట్టు మోగుతుంది. నా దండ ఊగితే దారం ఊగుతుంది.

మూడో వరసకీ ఏడో వరసకీ మధ్య నాలుగు ఊగే వంతెనలు. బంగారుపాప మోకాళ్ళు ఒక వంతెన దాటగలవు. నావి రెండు దాటగలవు. ఇద్దరం ఎదురెదురుగా నడిచినా మధ్యలో ఒక వంతెన మిగిలిపోతుంది. మా ఆయన పోయిన దగ్గర నుంచి ముప్పై ఏళ్ళుగా ఆవిడ పొయ్యి మీదే నా అన్నం కూడా ఉడుకుతోంది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా ఆ ఒక్క వంతెన మిగిలే ఉంటోంది.

సర్దుబాటుకి ఎనభై అయిదు రోజులు

గాలి లేదు. లేకపోవడం మంచిదో కాదో తెలియదు.

బంగారుపాప రొయ్యలు ఏరుతుంటే పక్కన కూర్చున్నాను. చూపంటే ఆవిడదే. వెంట్రుకంత మీసం మిగిలినా చటుక్కున లాగి పారేస్తుంది.

"నాకు చేతనయిన పని ఒక్కటి కూడా లేదొదినా," అన్నాను.

ఒకప్పుడు ఉండేది. తెప్పకీ తెప్పకీ ముడులు వేసేది నేనే. పన్నెండేళ్ళ కిందట ఇనప పట్లు వచ్చాయి. మీట నొక్కితే కరుచుకుంటాయి, మీట నొక్కితే వదిలేస్తాయి. అప్పటి నుంచి తాళ్ళు లేవు. ఆనవాయితీకి ఒక్క తోడుతాడు మిగిలింది. మన గుంజకీ పక్కింటి గుంజకీ మధ్య వదులుగా వేలాడుతుంది, దాని మీద బట్టలు ఆరేసుకుంటారు. సర్దుబాటప్పుడు పక్కిల్లు మారితే దాన్ని విప్పుకుని కొత్త పక్కింటికి కట్టుకుంటారు. ఇంట్లో మనిషి పోయిన రోజున తప్ప తోడుతాడుని ఎవరూ కొయ్యరు.

"ఎందుకు లేదు? దిగులు పడతావు గదా," అంది బంగారుపాప. "మన నీళ్ళపేట మొత్తం ఎతికినా నీ అంత బాగా దిగులు పడీవోళ్ళు లేరు. అదే అమ్ము."

వేళాకోళానికే అంది. నాకు మాత్రం, దిగులు అమ్మితే కొన్నవాళ్ళు తిరిగి ఇచ్చేస్తారేమోనని దిగులు పట్టుకుంది. ఇంటికొచ్చి నాకున్న భయాలన్నీ పలక మీద రాశాను. నలభై మూడు అయ్యాయి. పలక నిండిపోయింది. ఇవన్నీ దాటుకుంటూ అవతలికి వెళ్ళాలంటే ఎన్ని అడుగులు పడతాయో అనుకున్నాను. గవ్వలు వేసి చూడాలనిపించింది.

సర్దుబాటుకి డెబ్భై తొమ్మిది రోజులు

ఆట పేరు గట్టెక్కు.

ముందు గుడ్డ మీద గీశాను. తెప్ప ఊగితే కాయలన్నీ జారి నీళ్ళలో పడ్డాయి. అరవై ఏళ్ళుగా నీళ్ళ మీద ఉంటున్నాను, ఇల్లు ఊగుతుందని ఆట వేసేటప్పుడు గుర్తు రాలేదు. అన్నిటికీ భయపడతాను గానీ అవసరమైనదానికి మాత్రం భయపడను.

అందుకని పాత వలముక్క తీశాను. అడ్డం పదకొండు కళ్ళు, నిలువు పదకొండు కళ్ళు. కాయలకి బదులు మొన అరగదీసిన గాలాలు. కంటికి తగిలిస్తే ఎంత ఊగినా జారవు. పొయ్యి ఆర్పామా లేదా అన్న భయానికి ఎర్ర దారం, పీపాకి చిల్లు పడిందన్న భయానికి నీలం. నడిమి కంట్లో ఇటుక పెంకు కట్టాను. అది గట్టు. అక్కడికి చేరితే గట్టెక్కినట్టు.

మా మరిది సత్తెయ్యని పిలిచాను. చేపలు ఎండబెట్టే తెప్ప అతనిదే. మనిషి మంచివాడే, మాటకి మాత్రం ముల్లు ఉంటుంది. బంగారుపాప, సత్తెయ్య, నేను ఆడడం మొదలుపెట్టాం. మూడు మధ్యాహ్నాలు ఆడాం. ఆట అవలేదు. ఎవరైనా ఓడిపోతే మనసు కష్టపెట్టుకుంటారని ప్రతి భయం పక్కనా ఒక తెల్లదారం కట్టాను. తెల్లదారం మీద నిలబడితే ఏమీ కాదు. ముగ్గురం తెల్లదారాల మీదే నిలబడ్డాం.

సత్తెయ్య గవ్వలు కింద పెట్టేశాడు. "ఒదినా, ఈ ఆటలో మనిషి గెలవడు, ఓడడు, సావడు. దీన్ని ఆటనరు, పింఛనంటారు."

సర్దుబాటుకి డెబ్భై ఆరు రోజులు

తెల్లదారాలు సగం కోసేశాను.

గెలుపు ఎలా అన్నది తేలింది. ఆ ఇనప పట్లంటే నాకు పన్నెండేళ్ళుగా నమ్మకం లేదు. మీట నొక్కితే వదిలేసేది, ఏదో ఒక రోజు నొక్కకుండానే వదిలేస్తే? అందుకని నల్లదారాలు కట్టాను. నల్లదారం మీద పడినవాళ్ళు లేచి బయటికి వెళ్ళి, పక్కింటికీ మనకీ మధ్య ఉన్న తోడుతాడుని ఒక చుట్టు లాగి, ఒక ముడి వేసి రావాలి. ఒకరు గట్టెక్కితే ఆట అయినట్టు, అప్పటికి ఎవరు ఎక్కువ ముడులు వేస్తే వాళ్ళదే గెలుపు. ఆటకి ఆట అవుతుంది, ఇల్లూ గట్టిగా ఉంటుంది.

మామూలు ముడి కాదు. మా అత్తగారు నేర్పిన ముడి. తడిస్తే బిగుస్తుంది, లాగితే ఇంకా బిగుస్తుంది. అత్తముడి అనే పిలిచేవాళ్ళం, ఆవిడ ఎదురుగా కాదు.

ఆడి చూశాం. సత్తెయ్య నాలుగుసార్లు లేచి తన తెప్ప గుంజ దాకా పరిగెత్తాడు. చివరికి బంగారుపాప గెలిచింది. అతనికి కోపం వచ్చి ఇంకో ఆట వెయ్యమన్నాడు. కోపం వస్తే ఆట బాగున్నట్టేనట. ఆ మాట అతనే చెప్పాడు, కోపంగా.

సర్దుబాటుకి అరవై ఒక్క రోజులు

పద్దెనిమిది వలలు అయ్యాయి. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు ఈదుతున్నట్టు ఉంటే క్షమించండి.

నియమాల కాగితం ఒక్కొక్కటీ చేత్తోనే రాస్తున్నాను. ముడి ఎలా వెయ్యాలో అయిదు బొమ్మలు గీశాను. బొమ్మల్లో చెయ్యి చెయ్యిలా లేదు, పీతలా ఉంది. కాగితం వెనకవైపు ఖాళీగా ఉంటే మోసం చేశారనుకుంటారని చేపలు గీశాను. ఒక్కో కాగితానికి తొమ్మిది చేపలు. ఒక కాగితం మీద ఎనిమిదే పడ్డాయి, కొన్నవాళ్ళు లెక్కపెడతారేమోనని లేచి వెళ్ళి తొమ్మిదోది గీసి వచ్చాను.

సర్దుబాటుకి నలభై నాలుగు రోజులు

శుక్రవారం సంత. పెద్ద తెప్ప మీద బంగారుపాప పచ్చడి జాడీల పక్కన నా వలలు పరిచాను.

ఒక అమ్మాయి వచ్చి చూసింది. "ఏటమ్మా ఇది?" అంది.

"ఆటమ్మా. అయితే గాలాల మొనలు అరగదీశాను గానీ ఒకటీ అరా మిగిలుండొచ్చు. నీలం దారం తడిస్తే రంగు దిగుతాది. సిన్నపిల్లలుంటే గవ్వలు మింగుతారేమో సూసుకో. నీకు ఓడిపోతే ఏడుపొచ్చీ అలవాటుంటే వొద్దమ్మా."

ఆ అమ్మాయి వల కింద పెట్టి, చెయ్యి కూడా తుడుచుకుని వెళ్ళిపోయింది. అలా ఎనిమిది మంది వెళ్ళిపోయారు.

"ఒదినా," అంది బంగారుపాప, "నువ్విటొచ్చి పచ్చడమ్ము. ఆటకాడ నేను కూకుంటాను."

మారాం. ఆవిడ ఎవరితోనూ ఆట గురించి చెప్పలేదు. "నీ పక్కింటోళ్ళు దీంట్లో నిన్ను ఓడగొట్టేస్తారు, నీకెందుకులే," అని మాత్రం అంది. ఆరు అమ్ముడయ్యాయి. నేను పచ్చడి కొనడానికి వచ్చినవాళ్ళకి కారం కడుపులో మంట పెడుతుందేమోనని చెప్పాను. జాడీలు రెండే కదిలాయి. ఇంటికి వచ్చే దారిలో ఆవిడ నాతో మాట్లాడలేదు. రాత్రి అన్నంలోకి పచ్చడి మాత్రం వేసింది.

సర్దుబాటుకి ముప్పై రోజులు

పదిహేడు పూసలు.

మధ్యాహ్నాలు వరస పొడుగునా చప్పుడు వినిపిస్తోంది. ముందు గవ్వల చప్పుడు, తర్వాత కేక, తర్వాత ఎవరో చెక్కల మీద పరిగెత్తుకుంటూ గుంజ దగ్గరికి రావడం. ముడి వేసి "నాలుగోది!" అని అరిచి లోపలికి పరిగెత్తుతారు. గట్టు అంటే ఏమిటని కుర్రకారు వచ్చి నన్ను అడుగుతున్నారు. నేల అని చెప్పాను. ఊగకుండా ఉంటే నిద్ర ఎలా పడుతుందని అడిగారు. నాకూ గుర్తు లేదు, అప్పుడు నాకు ఏడేళ్ళు.

వదులుగా వేలాడే తాళ్ళన్నీ ఇప్పుడు జడల్లా లావెక్కి, పొట్టిబడి, తెప్పలని దగ్గరికి లాక్కుంటున్నాయి. బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదని ఒకావిడ తిట్టింది. నాకు సంతోషంగానే ఉంది. పీపాలు రోజుకి ఒక్కసారే తడుతున్నాను.

సర్దుబాటుకి ఇరవై ఒక్క రోజులు

ఇరవై తొమ్మిది పూసలు. మూడు రోజులుగా అక్కడే ఆగిపోయాయి. నా పూస నేనే వేసుకోవచ్చా అని నియమాల పుస్తకంలో వెతికాను. కూడదట. వెతికినట్టు మీకు తెలిసిపోతుందని భయమేసి ఇక్కడ నేనే రాస్తున్నాను.

సాయంత్రం బంగారుపాప వచ్చి నిలబడింది.

"నాకొకటి ఇయ్యి."

"రోజూ నా వల మీదే ఆడతావు గదా, నీకెందుకొదినా?"

"నాది నాకుండాలి," అని తన పూస గుచ్చింది. పసుపుపచ్చది. ముప్పై.

దండ ముట్టుకుంటే మోగింది. భయపడడానికి ఏమీ దొరక్క, చాలాసేపు భయమేసింది.

సర్దుబాటుకి తొమ్మిది రోజులు

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు.

పొద్దున సర్దుబాటు ఆఫీసరు పైడిరాజు గారు మూడో వరసకి వచ్చారు. ఏటా సర్దుబాటుకి ముందు ఒకసారి పట్లు ఊడతాయో లేదో చూస్తారు. మీట నొక్కారు. పట్లు అన్నీ టకటకా ఊడాయి. తెప్పలు కదలలేదు. ఆయన మళ్ళీ నొక్కారు. తెప్పలు మాత్రం ఒకదాని భుజం ఒకటి పట్టుకున్నట్టు అలాగే ఉన్నాయి. అప్పుడు ఆయన తాళ్ళు చూశారు.

"ఇదేంటి? ఈ ముడులెవరు వేశారు?"

వరస వరసంతా నా గుమ్మం వైపు తిరిగింది.

విప్పుకుంటామని అందరూ దిగారు. లాగారు. లాగినకొద్దీ బిగుసుకున్నాయి. సత్తెయ్య పళ్ళతో కూడా లాగాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి నియమాల కాగితం నా మొహం ముందు పట్టాడు.

"ఒదినా, ముడెలగ వెయ్యాలో రాసినావు. ఎలగ విప్పాలో ఏదీ?"

కాగితం అటు తిప్పాను. చేపలు ఉన్నాయి. తొమ్మిది.

రాయలేదు చదువరి గారూ. ముప్పై కాగితాలు రాశాను, రెండు వందల డెబ్భై చేపలు గీశాను. ఊడిపోతుందేమోనన్న భయం తప్ప విప్పుకోవాల్సి వస్తుందన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఏటా సర్దుబాటు వచ్చే ఊళ్ళో, ఆ సర్దుబాటుకి రోజులు లెక్కపెట్టుకుంటూనే.

సర్దుబాటుకి ఎనిమిది రోజులు

పొద్దుటి నుంచి వలలు తిరిగి వస్తున్నాయి. వల గుమ్మంలో పడేసి, దండలోంచి తమ పూస తీసుకుని వెళుతున్నారు. అరిచినవాళ్ళు కొందరు. మాట్లాడకుండా పూస తీసుకున్నవాళ్ళతోనే ఎక్కువ కష్టమయింది. ఒకాయన వేలికి పూస రాక తంటాలు పడుతుంటే నేనే తీసి ఇచ్చాను.

పొద్దు వాలేసరికి పన్నెండు మిగిలాయి. పసుపుపచ్చది ఉంది.

సర్దుబాటుకి ఆరు రోజులు

పైడిరాజు గారు కత్తులు తెప్పించారు. తాళ్ళు కోసేయమన్నారు. ఒక్కరూ కదలలేదు.

"బతికున్న మనుషుల మధ్య తోడుతాడు కొయ్యమంటారేటండీ," అన్నాడు సత్తెయ్య. "ముందు మీ ఇంటిది కోసుకుని రండి, సూద్దాం."

ఆయన కత్తులు సంచిలో పెట్టేశారు. ఆయనకీ ఇల్లు ఉంది, పక్కిల్లు ఉంది.

మీరు లెక్క వేసి చెప్పారట కదా, మొత్తం పదకొండు వందల నలభై ముడులని, నేనొక్కదాన్నే విప్పితే పన్నెండు రోజులని. తూర్పుగాలి ఆరు రోజుల్లో వస్తుంది. అప్పటికి తెప్పలన్నీ గాలికి ఎదురు తిరిగి ఉండాలి.

"నేర్పుతారా అమ్మా?" అని అడిగారు ఆయన.

విప్పడం నాకొక్కదానికే తెలుసు, ముడి నేర్పిన ఏడేళ్ళకి గానీ అత్తగారు అది నాకు చెప్పలేదు. అది నా దగ్గరే ఉంచుకుంటే, నేను లేకుండా సర్దుబాటు జరగదు. ఏటా నన్ను పిలవాలి. ఏడో వరసకి తోస్తే నన్ను మోసుకుని రావాలి. ఇవన్నీ ఆలోచించాను, రాయకపోతే మీకు తెలియదని కూడా ఆలోచించాను. తర్వాత తూర్పుగాలికి పక్కకి తిరిగి ఉన్న తెప్పలు గుర్తొచ్చాయి. వాటిలో సత్తెయ్య పడుకుని ఉంటాడు, బంగారుపాప పడుకుని ఉంటుంది. ఇంక మాట్లాడేది ఏముంది?

పెద్ద తెప్ప మీద అందరినీ కూర్చోబెట్టాను. "లాగకండి. లోపలికి తొయ్యండి. మీ ఏలు దాని నోట్లో పెట్టి, అవతల కొసని అటే తొయ్యండి. నోరు దానంతటదే తెరుచుకుంటాది."

సత్తెయ్య తోశాడు. తెరుచుకుంది. "ఇంతేనా?"

"ఇంతే."

"ఈ ముక్క మాయమ్మ నీకేడేళ్ళు సెప్పకుండా ఉందా?"

"ఆవిడకి తొందరేముందిరా."

అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి పిల్లలు కూడా విప్పేస్తున్నారు. పైడిరాజు గారు తొమ్మిది విప్పి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశారు. నా విలువ సరిగ్గా ఒక పూట నిలిచింది.

సర్దుబాటుకి ఒక రోజు

మా రెండిళ్ళ మధ్యవి తప్ప ముడులన్నీ వచ్చేశాయి. విప్పడానికి పందేలు వేసుకున్నారట. ఇద్దరు వలలు మళ్ళీ పట్టుకెళ్ళారు, పూసలు వేశారు. పద్నాలుగు. ముప్పైకి పదహారు తక్కువ. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదహారే తక్కువ.

గిన్నెలు మూట కట్టాను. బంగారుపాప ఇంట్లో ఉన్న నా కంచం మాత్రం తెచ్చుకోలేదు.

"అక్కడ పొయ్యి ఎలగెడతావు?" అంది ఆవిడ.

"పెడతానులే."

"ఆర్పినావో లేదో సూసీవోళ్ళు ఉండరు."

"నేనే సూసుకుంటానొదినా. పదిసార్లు సూసుకుంటాను."

"గవ్వలెయ్యి," అంది. ఆడాం. ఆవిడకి నల్లదారం పడింది. లేచి మోకాళ్ళు పట్టుకుంటూ బయటికి వెళ్ళింది. చాలాసేపటికి గానీ రాలేదు.

సర్దుబాటు

మా రెండు తెప్పల మధ్య తాడు ఒక్కటే మిగిలింది. దాని మీద అరవై రెండు ముడులు. ఒకటి తప్ప అన్నీ బంగారుపాపవే, రోజూ ఆవిడే గెలిచేది కనుక.

పైడిరాజు గారు, సత్తెయ్య, వరసలో సగం మంది వచ్చి నిలబడ్డారు.

"ఇది మీరే విప్పండమ్మా," అన్నారు పైడిరాజు గారు.

వంగి పట్టుకున్నాను. అది అత్తముడి కాదు. కొస పైనుంచి రావాల్సింది కింద నుంచి వచ్చింది, ఒక చుట్టు ఎక్కువ ఉంది. అరవై రెండూ కాదు, నా ముడి ఒక్కటి తప్ప అన్నీ అలాగే ఉన్నాయి.

"ఏటొదినా ఇలగ కట్టినావు?" అన్నాను.

"కళ్ళు కనబడక," అంది బంగారుపాప. చేతిలో రొయ్యలున్నాయి. మీసం ఒకటి లాగి పారేసింది.

చదువరి గారూ, ఇన్నాళ్ళూ నాకు కలిగిన ప్రతి ఆలోచనా మీకు రాశాను. నియమాల పుస్తకం ఇప్పుడే మళ్ళీ చూశాను. జరిగింది రాయాలని ఉంది. అనుకున్నది కూడా రాయాలని ఎక్కడా లేదు. జరిగింది ఇది.

నేను పట్టుకున్నాను. ముడి రాలేదు. "నా వల్ల కావడం లేదు," అన్నాను.

సత్తెయ్యని చూడమన్నారు. మూడు రోజుల్లో తొంభై ముడులు విప్పినవాడు. చూశాడు. "నా వల్ల కాదు," అన్నాడు. అతని వెనక ఉన్నావిడ వచ్చింది, కాదంది. ఆ వెనకాయన వంగకుండానే కాదన్నాడు. అలా పదకొండు మంది.

చివరికి పైడిరాజు గారు ప్యాంటు పైకి లాక్కుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఒక ముడి నోట్లో వేలు పెట్టి తోశారు. అది కొంచెం కదిలింది. నా గుండె ఆగింది, ఇది జరిగిందే కనుక రాస్తున్నాను. ఆయన వేలు తీసేశారు. బంగారుపాప వైపు చూశారు, ఊగుతున్న వంతెనల వైపు చూశారు, లేచి మోకాళ్ళు దులుపుకున్నారు.

"రావడం లేదు," అని కాగితం తీశారు. "విడదీయలేని తెప్పలని ఒకే ఇల్లుగా రాసుకోవాలని నియమం ఉంది. రెండు దండలూ కలిపి లెక్కపెట్టండి."

సత్తెయ్య లెక్కపెట్టాడు. రెండు వందల పద్నాలుగు. మూడో వరస.

బంగారుపాప లోపలికి వెళుతూ, "నిజంగా రాదేటొదినా అది?" అంది.

"గవ్వలెయ్యి. నీదే వంతు," అన్నాను.

ఈ రోజు గాలి తూర్పు నుంచి, గట్టిగా. మంచినీళ్ళు నాలుగు బిందెలు, ఒకే ఇల్లు కనుక. పీపాలు ఇప్పుడు ఇరవై నాలుగు. తట్టి చూడలేదు. ఏడోది ఒక్కటే తట్టాను.